తిరగేసి చూసే చెంగల్రాయుడు

మా చెంగల్రాయుడన్నకు ఒకటే జబ్బు. పాత పనిముట్టు కంటబడితే చాలు, దాన్ని తిరగేసి, ఎవరు చేశారో, ఏ కాలంలో చేశారో తేల్చేదాకా అక్కడి నుంచి కదలడు. ఉలి కావచ్చు, కొడవలి కావచ్చు, కొబ్బరి తురిమే పీట కావచ్చు. దాన్ని పట్టుకున్న మనిషి ఎవరన్నది ఆయనకు తర్వాతి సంగతి. ఒక్కోసారి అసలు సంగతే కాదు. ఎన్నో ఏళ్ళకు కనబడిన చిన్ననాటి స్నేహితుడు "రేయ్ చెంగల్రాయా!" అని చేతులు చాపుకుని ఎదురొస్తే, మా అన్న ఆ చేతుల కిందుగా దూరి వెనకవైపుకు పోయి, అతని మొలలో చెక్కుకున్న మచ్చుకత్తిని లాగి తిరగేశాడు.

"ఎవురు చేసిందిరా ఇది?"

స్నేహితుడు చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి.

అన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాడు. చిత్తూరు నుంచి పలమనేరుకీ, తిరుపతికీ, శ్రీకాళహస్తికీ ఆయన తిరగని రూటు లేదు. బస్సులోకి పారలతో, గొడ్డళ్ళతో ఎక్కే రైతులు ఆయనకు దేవుడు పంపిన బహుమానాలు. "టికెట్ ఇయ్యండన్నా" అని వాళ్ళే అడగాల్సి వచ్చేది. "టికెట్ యాడికి పోతుందప్పా? ముందు ఈ పార యాడిదో చెప్పు" అనేవాడు. స్టాపులు దాటిపోతున్నా చూసుకోడు. చివరికి డ్రైవరే ఒక విజిల్ కొనుక్కుని మెడలో వేసుకున్నాడు. అన్న మెడలో మాత్రం విజిల్ తాడుకు విజిల్ బదులు భూతద్దం వేలాడేది. ఇప్పటికీ అదే తాడు, అదే అద్దం.

నాకు ఆయన పరిచయం కూడా అట్లాంటిదే. నాది చిత్తూరులో బంగారుపాళ్యం రోడ్డు మీద చిన్న వడ్రంగి అంగడి. నేను పుట్టుకతో ఆ పనివాణ్ణి కాను. నలుగురు చేసేది చూసి, చేతులు కోసుకుని నేర్చుకున్నవాణ్ణి. ఒకరోజు తలుపుకు ఉలితో బెజ్జం తొలుస్తున్నాను. సుత్తి ఎత్తాను, దించాను, కింద ఉలి లేదు. తలెత్తి చూస్తే ఒక పొడుగాటి మీసాల మనిషి దాన్ని వెలుతురుకు పట్టి తిరగేస్తున్నాడు.

"ఇది తిరువళ్ళూరు పక్క కొలిమిది. మీ నాయనదా?"

"కాదన్నా, సంతలో కొన్నా. ముందు నా చెయ్యి ఉండాదో పోయిందో చూసుకోనీ."

"చెయ్యి యాడికి పోతుందప్పా? సంతలో కొన్నావా! ఎంత అదృష్టమబ్బా నీది. ఇది నీకంటే పెద్దది. ఇకమీదట దీన్ని 'ఏమండీ' అని పిలువు."

అప్పటి నుంచి నా అంగట్లో ఒక పాత కుర్చీ ఆయనదైపోయింది. తెలిసింది దాచుకునే మనిషి కాదు. పనిముట్టు వయసు ఎట్లా చెప్పాలో నాకు విడమరచి చెప్పాడు.

"మొగం చూడొద్దు సుందరా, మొగం అందరిదీ తుప్పే. ముందు చీల చూడు. పిడికీ ఇనుముకీ అడ్డంగా దూర్చి, రెండు పక్కలా కొట్టి అణుస్తారే, ఆ చీల. అది అబద్ధం చెప్పదు. రాగి తీగ ముక్కనా, ఇనుప ముక్కనా, అంగట్లో కొన్న మేకా అని చూస్తే సగం తెలిసిపోతుంది. ఆ తర్వాత గీతలు చూడు. ఆకురాయితో చేత్తో రుద్దింటే అడ్డదిడ్డంగా ఉంటాయి. కరెంటు మిషనయితే అన్నీ ఒక దిక్కే. ఆ తర్వాత వాసన. ఆ తర్వాత నాలిక."

"నాలికెందుకన్నా?"

"రుచికి."

ఆ రుచి ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అడిగితే "నువ్వింకా పచ్చిగా ఉండావు" అంటాడు.

ఈ జబ్బు వల్ల ఆయనకు జరిగిన మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. మా బంధువుల పెళ్ళిలో బంతిలో కూర్చున్నాడు. వడ్డించే అబ్బాయి రసం గరిటె ముందుకు చాపాడు. కాడకు ఇత్తడి తాపడం వేసిన పాతకాలపు పెద్ద గరిటె. అన్న కళ్ళు మెరిశాయి. చటుక్కున దాన్ని అందుకుని తిరగేశాడు.

"అన్నా, అందులో రసం ఉండాది!" అని ఆ అబ్బాయి అరిచేలోగా, రసం పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామ పంచె మీద ఉంది. మేనమామ లేచి గంతులేస్తుంటే మా అన్న తల ఎత్తకుండా, "శ్రీకాళహస్తి పనే, అనుమానమే లేదు" అన్నాడు.

తిరుపతి దగ్గర ఒక చిన్న గుళ్ళో మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే ఇంకో ఘనకార్యం. మంగలాయన చేతిలో వాళ్ళ తాతల నాటి మడత కత్తి ఉంది. సగం గుండు అయ్యేసరికి కత్తి మీద ఎండ పడి మెరిసింది. అంతే. "ఒక నిమిషమప్పా" అని కత్తి తీసుకుని వేపచెట్టు కిందకు పోయాడు. పిల్లోడు సగం గుండుతో ఆకాశం అదిరేటట్టు ఏడుపు. కోడలు పళ్ళు నూరుతోంది. మంగలాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి అన్న భార్య మునిలక్ష్మక్క పోయి కత్తి లాక్కొచ్చింది.

మోకాలి నొప్పి అని తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు మోకాటి చిప్ప మీద కొట్టి చూసే చిన్న సుత్తి తీశాడు. ఆ తర్వాత ఏమైందో మీరే ఊహించుకోండి. డాక్టరు మంచివాడు, సుత్తి తిరిగి ఇచ్చేదాకా ఓపిక పట్టాడు.

మునిలక్ష్మక్క మాటల్లో చెప్పాలంటే: "పెండ్లిసూపుల్లో నన్ను కూడా తిరగేసి సూసిండేవాడే. మా నాయన ఎదురుగా కూసోనుండబట్టి ఊరుకున్నాడు."

దానికి అన్న జవాబు: "నిన్ను తిరగేసేదెందుకే? మీ నాయన మొగం సూస్తేనే తెలిసిపోలా, ఎవురు చేసిందీ!"

ఆ నాయనతోనే వచ్చింది అసలు తగాదా. మునిలక్ష్మక్క పుట్టింట్లో ఒక గొడ్డలి ఉండేది. వాళ్ళ ముత్తాత తలకోన అడవిలో దానితో పులిని కొట్టాడని ఇంటిల్లిపాదీ చెప్పుకునేవాళ్ళు. దసరాకు దానికి పసుపూ కుంకుమా, ఒక టెంకాయ. కొత్త అల్లుడిగా మొదటి పండక్కు పోయిన మా అన్న ఆ గొడ్డలిని పూజలోంచి తీసి తిరగేసి, అద్దం పెట్టి చూసి, నాకి, "మావా, ఇది లారీ కమాను పట్టాతో చేసింది. మీ ముత్తాత కాలంలో లారీ యాడిది? పులి యాడిది?" అన్నాడు. ఆ మాటతో మామగారు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. ఇంటిముందుకు వస్తే మొహం తిప్పుకునేవాడు. "ఏదో ఒకటి, అవును పులిదే అని చెప్తే నీ నోరు అరిగిపోతుందా?" అని అక్క ఎంత బతిమాలినా, మా అన్న దిగిరాలేదు.

"మనిషి దగ్గర ఒకమాట అటూ ఇటూ అనొచ్చునే. పనిముట్టు దగ్గర అబద్ధం చెప్పకూడదు. దాన్ని చేసినోడు పక్కన లేడు గదా, నేనది చెయ్యలేదప్పా అని చెప్పుకోడానికి."

నవ్వులాటకు ఇవన్నీ చెప్తున్నాను గానీ, ఆయన్ను చూస్తే మాకు ఎంత గర్వమో చెప్పాలి. రాజుల పేర్లు చంద్రగిరి కోట రాళ్ళ మీద ఉన్నాయి. మా జిల్లాలో కొడవలీ, గుద్దలీ చేసినవాళ్ళ పేర్లు ఎక్కడ ఉన్నాయి? చెంగల్రాయుడన్న నాలుక మీద ఉన్నాయి. ఫలానా పుత్తూరు కొలిమివాళ్ళు కొడవలి మెడ కొంచెం వంచి కొడతారనీ, ఫలానా పీలేరాయన గొడ్డలి చెవి దగ్గర మూడు గాట్లు పెడతాడనీ ఆయన చెప్తుంటే, పోయిన మనుషులందరూ వచ్చి నా అంగట్లో బెంచీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆయన ఒకసారి పేరు చెప్పాడంటే దానికి తిరుగులేదు. తప్పు పోయిందని ఎవరూ చూపించలేకపోయారు. ఆ సంగతి ఆయన కూడా మరచిపోనిచ్చేవాడు కాదనుకోండి. రోజుకోసారైనా "చెంగల్రాయుడు చెప్పినాడంటే!" అని మీసం దువ్వేవాడు.

అందరిలోకీ ఆయన గొప్పగా చెప్పే పేరు ఏకాంబరాచారిది. బంగారుపాళ్యం దగ్గర ఊరు. మామిడికి అంటు కట్టే కత్తులు చేసేవాడు. అంటుకత్తి అంటే మామూలు కత్తి కాదు. కొమ్మను ఏటవాలుగా ఒక్క కోతలో తెగ్గొట్టాలి. బెరడు కొంచెం నలిగినా అంటు బతకదు. ఏకాంబరాచారి కత్తితో కట్టిన అంటు ఎండిపోయిందన్న మాట మా పక్క ఎవరూ వినలేదు. ఆయన కత్తి మీద గుర్తు కూడా వేసేవాడు కాదు. "కోత చూసి కనుక్కోలేనోడికి గుర్తెందుకు?" అనేవాడట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు శ్రీనివాసులు కొలిమి వదిలేసి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరిపోయాడు.

కొలిమిని వదలనిది మనవరాలు జయంతి. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని తిత్తి ఊదుతూ చూసి చూసి నేర్చుకుంది. ఇప్పుడు తిత్తి బదులు కరెంటు బ్లోయరు, ఆకురాయి బదులు సానమిషను. సుత్తి మాత్రం తాతదే. ఒకరోజు నా అంగడికి వచ్చి తువ్వాలు విప్పింది. అందులో ఒక అంటుకత్తి.

"అన్నా, ఏడాదిగా తోటలో వాడతా ఉండాను. పిడి పగిలింది. మంచి కట్టెతో వెయ్యి."

కత్తి మామిడి సొన పట్టి నల్లబడి ఉంది. నేను నా పద్ధతిలో చూశాను. అంటే మాటల్లేకుండా, ఒక టేకు చెక్క అంచున గీసి. చెక్క మీద కత్తి పోయిన చోట తళతళమని అద్దంలా ఉంది. ఇంతకంటే నాకు సర్టిఫికెట్టు అక్కర్లేదు.

"ఇంత బాగా చేస్తా ఉంటే మొగం అట్లా పెట్టినావేమ్మా?"

"నాయన దాగలి అమ్మేస్తానంటా ఉండాడన్నా. పాత ఇనుము బండి రేపు సంతరోజు వస్తుందంట."

దాగలి అంటే ఎర్రగా కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మె. అది పోతే కొలిమి పోయినట్టే. శ్రీనివాసులు చెడ్డవాడు కాదు. "ఆడబిడ్డ నిప్పుల ముందర కండ్లు కాల్చుకుంటా ఉంటే సూడలేను. పోనీ కొనేవాళ్ళు ఉండారా అంటే, అదీ లేదు" అని ఆయన బాధ. పెద్ద నర్సరీ నడిపే ఢిల్లీబాబు ఒక్కడు తన పనివాళ్ళందరికీ ఈమె కత్తులు తీసుకుంటే చాలు, కొలిమి నిలబడుతుంది. జయంతి పోయి అడిగింది కూడా.

"నీ కత్తి బాగలేదని కాదమ్మా. ఏకాంబరాచారి చెయ్యి ఆయన్తోనే పోయింది. ఉత్త కత్తే కావాలంటే అంగట్లో దొరకదా?" అన్నాడట ఢిల్లీబాబు. అతని దగ్గర ఏకాంబరాచారి చేసిన కత్తి ఒకటి ఉంది. వాళ్ళ నాయన వాడకుండా పూజగదిలో దాచినది. దాని పిడికి పురుగు పట్టిందని అదే వారం నా దగ్గరికే పంపించాడు.

అంటే ఆ పూట నా బల్ల మీద రెండు కత్తులూ పక్కపక్కన ఉన్నాయి. తాతదీ, మనవరాలిదీ. రెండింటికీ ఒకే టేకు ముక్కలోంచి ఒకేలాంటి పిడులు వేశాను. వేసి చూస్తే ఏది ఏదో నాకే తికమక అయింది. తాతది పాతబడి, మనవరాలిది సొన పట్టి రెండూ నల్లగానే ఉన్నాయి, సాన గీతలు కనబడవు. తేడా ఒక్క చీలలోనే. తాత కత్తికి పాత రాగి చీలలే మళ్ళీ దిగ్గొట్టాను. జయంతిదానికి కూడా రాగి తీగ తీస్తే, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దన్నా. తాత రాగి తాతకే. నాకు సైకిల్ స్పోకు ముక్కలు సాలు. నాది నాదిగానే ఉండాల."

ఢిల్లీబాబుకు ఫోన్ చేసి చెప్పాను, రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలీడం లేదని. అతను నవ్వాడు. "నీకు తెలీదప్పా. చెంగల్రాయుడన్నను రమ్మను. నర్సరీలో అందరి ముందరా పెడదాం. ఆయనే గనక ఏకాంబరం కత్తి ఏదో చెప్పలేకపోతే, నా పనివాళ్ళకు కత్తులన్నీ ఆ బిడ్డ దగ్గరే. ఇదే మాట."

మాట ఇచ్చేటప్పుడు అతనికి తెలుసు, చెంగల్రాయుడన్న చెప్పలేకపోవడం అనేది ఉండదని. నాకూ తెలుసు. స్పోకు ముక్క కొత్త పన్నులా మెరుస్తోంది. రూటు బస్సు కిటికీలోంచి చూసినా ఆయన పట్టేస్తాడు. "వద్దులేమ్మా" అన్నాను జయంతితో.

"కనుక్కుంటే కనుక్కోనీ అన్నా. తాత ముందర ఓడిపోతే నాకు సిగ్గేముండాది?"

మరునాడు అన్నను బండి మీద ఎక్కించుకుని బంగారుపాళ్యం పోతూ దారి పొడుగునా కథంతా చెప్పాను. దాగలి సంగతి, పాత ఇనుము బండి సంగతి, శ్రీనివాసులు బాధ, ఢిల్లీబాబు పందెం. ఏది ఎవరిదో మాత్రం చెప్పలేదు, తప్పు చెప్పమని అడగనూ లేదు. చివర కొంచెం బతిమాలినట్టు, "విన్నావా అన్నా?" అన్నాను.

అద్దంలో చూస్తే, నా బండి టూల్ డబ్బాలోని పానాను ఎప్పుడు తీశాడో తీసి, గాలికి మీసాలు ఎగురుతుంటే, భూతద్దం పెట్టి చూస్తున్నాడు.

"ఈ పానా ఎవురు చేసింది సుందరా?"

అయిపోయింది అనుకున్నాను. ఈ మనిషి చెవులు కూడా చేతుల్లోనే ఉన్నాయి.

నర్సరీలో పచ్చని నీడవల కింద జనం చేరారు. అంటు కట్టే ఆడవాళ్ళు ప్లాస్టిక్ పట్టీలు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. శ్రీనివాసులు ఒక పక్కగా, తప్పు చేసినవాడిలా తల దించుకుని నిలబడ్డాడు. పాత ఇనుము బండి అప్పుడే రోడ్డు మీదకు వచ్చి హారన్ కొడుతోంది. జయంతి అటు చూడలేదు. ఢిల్లీబాబు ఒక తెల్ల గుడ్డ మీద కత్తులు రెండూ పెట్టి, "కండక్టరన్నా, కానీ" అన్నాడు.

అన్న ముందు తాత కత్తి తీశాడు. అద్దం పెట్టాడు. వాసన చూశాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాలుక చివర ఆనించాడు. ఆడవాళ్ళలో ఒకామె "సీ!" అంది. తర్వాత జయంతి కత్తి. అద్దం, వాసన, గోరు, నాలుక. అద్దం చీల వైపు జరుగుతోంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఆయన పిడి గట్టిగా బిగించి పట్టుకున్నాడు. లావాటి బొటనవేలు తిన్నగా చీల మీద పడింది. దేవుడున్నాడు అనుకున్నాను.

"ఒక బేనీషా మామిడి కొమ్మ తెండప్పా" అన్నాడు.

తెచ్చారు. తాత కత్తితో ఒక కోత. మనవరాలి కత్తితో ఒక కోత. రెండు ముక్కలూ ఎండకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. కొమ్మ కోతను బుగ్గకు ఆనించి, ఒకసారి జయంతి వైపు చూశాడు. తర్వాత రోడ్డు మీద హారన్ కొడుతున్న బండి వైపు చూశాడు.

చూసి, జయంతి కత్తిని జెండాలా పైకెత్తాడు.

"ఇదీ ఏకాంబరం కత్తి! ఈ వాలు సూడండి. ఈ కోత సూడండి. ఇట్లాంటి చెయ్యి మన జిల్లాలో ఇంకోటి పుట్టలేదు. చెంగల్రాయుడు చెప్పినాడంటే!" అని మీసం దువ్వి, తాత కత్తి వైపు చిన్నచూపు చూశాడు. "ఇంక ఇదంటారా, ఎవురో ఇప్పుడిప్పుడే నేర్చుకునే పిల్లకాయలు చేసింది. పరవాలేదు, రాను రాను కుదురుకుంటుంది."

ఢిల్లీబాబు నవ్వు బంగారుపాళ్యం బస్టాండుదాకా వినబడి ఉంటుంది. కడుపు పట్టుకుని మొక్కల మధ్య కూలబడ్డాడు. "అన్నా... అన్నా... అది మా నాయన పూజగదిలో పెట్టిన కత్తన్నా!"

అన్న మొహం వేలాడేశాడు. "మార్చి పెట్టినారేమో? సుందరా, పిడి వేసింది నువ్వు గదా. నిజం చెప్పు."

చెప్పాను. ఆయన అక్కడే ఒక బోర్లించిన ట్రే మీద చతికిలబడ్డాడు. చేతిలో కత్తిని చూసి, బతుకంతా అందరినీ అడిగిన ప్రశ్న అడిగాడు. కానీ ఈసారి గొంతు చిన్నదిగా ఉంది.

"ఎవురు చేసింది?"

"నేనే సేసినా పెదనాయనా" అంది జయంతి.

ఆయన లేచి, భుజం మీది తువ్వాలు తీసి, ఆమెకు నమస్కారం పెట్టాడు. "చెంగల్రాయుణ్ణి ఓడించినావు తల్లీ."

అంటు కట్టే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. శ్రీనివాసులు వచ్చి ఆ కత్తిని చేతిలోకి తీసుకున్నాడు. నాయన చేసిన కత్తినీ, కూతురు చేసిన కత్తినీ మార్చి మార్చి చూశాడు. కొమ్మ ముక్కలు రెండూ చూశాడు. రోడ్డు మీదకు పోయి బండివాడితో, "ఈడ అమ్మేది ఏం లేదప్పా, పో" అని చెప్పి వచ్చాడు. వస్తూ వస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు. ఆ నీడవల కింద దుమ్ము ఎక్కడిదో నేను అడగలేదు.

ఆ తర్వాత చిత్తూరులో మా అన్నకు పట్టిన గతి చూడాలి. టీ కొట్టువాడు వడగట్టే జల్లెడ చూపించి, "ఇది కూడా ఏకాంబరమేనా అన్నా?" అంటాడు. పక్కింటి పిల్లకాయలు ప్లాస్టిక్ దువ్వెన తెచ్చి తిరగేసి పట్టుకుంటారు. మామగారైతే గొడ్డలి చంకన పెట్టుకుని స్వయంగా వచ్చాడు. "ఇప్పుడు చెప్పు అల్లుడూ, ఇది పులిని కొట్టిందా లేదా?"

విచిత్రం ఏమిటంటే, తప్పు అన్న మాటకే ఉలిక్కిపడే మా అన్న, ఆ ఓటమిని తానే ఊరూరా మోసుకుని తిరిగాడు. బస్సెక్కితే పక్క సీటువాడికి చెప్పాడు. పెళ్ళిళ్ళలో బంతి బంతికీ చెప్పాడు. "నేనప్పా, చెంగల్రాయుణ్ణి! నేనే మోసపోయినా ఆ బిడ్డ చేతికి. ఏకాంబరం మళ్ళా పుట్టినాడనుకో. బంగారుపాళ్యం పోయి అడుగు, చూపిస్తారు." ఎన్నిసార్లు చెప్తే ఆయన తప్పు అంత పెద్దదయింది, జయంతి కత్తి అంత గొప్పదయింది. పలమనేరు నుంచి వచ్చారు, పుత్తూరు నుంచి వచ్చారు. కలంకారీ వేసే ఒకాయన వెదురు కలాలు చెక్కుకోడానికి శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి వచ్చాడు. శ్రీనివాసులు ఫ్యాక్టరీ నుంచి రాగానే చొక్కా విప్పి కూతురి పక్కన సుత్తి పడుతున్నాడు. "మా నాయన చెయ్యి నాకు రాలా, బిడ్డకు వచ్చింది" అని వచ్చినవాళ్ళకు చెప్తాడట.

నాకు తెలివి కొంచెం ఆలస్యంగా వస్తుంది. చేత్తో పట్టుకుంటే తప్ప ఏదీ ఎక్కదు. కొన్నాళ్ళకు అన్న నా అంగట్లో కూర్చుని ఎవరిదో పాత కత్తిని చూస్తున్నాడు. నేను రంపం ఆపి ఆయన చేతుల్నే చూస్తున్నాను. ఏ కత్తినైనా ఆయన రెండు కొనల్లోనే, వేలి చివరలతో, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుతాడు. చీల మీద వేలు పెట్టడు. ఎప్పుడూ పెట్టడు. ముందు చూసేదే అది కదా.

"అన్నా, ఆ పొద్దు నర్సరీలో నువ్వు చీల చూడలేదేం?"

"వయసైంది గదప్పా. కండ్లు సరిగ్గా కనపడవు."

"మరి బొటనవేలు దాని మీదికి ఎట్లా పోయింది?"

"ఏ వేలు? ఓ అప్పా! ఓ ఎర్ర సొక్కా అప్పా! నిలుపు బండి! ఆ గడ్డపార పుత్తూరు కొలిమిది గదా?" అని అరుస్తూ, రోడ్డు అవతలి వైపు పోతున్న మోపెడ్ వెనక పడ్డాడు. అంత దూరం నుంచి గడ్డపార అంచు నాకు కనబడనే లేదు.

ఇంక నేను అడగలేదు. కోత ఒక్కటే, చెయ్యి ఒక్కటే. ఆ మాట కొమ్మే చెప్పింది. మిగిలింది ఒక వేలెడంత సంగతి.

ఈమధ్య అన్న జయంతిని ఒకటే సతాయించాడు, గుర్తు వెయ్యమని. "మీ తాత మాదిరి మొండికెయ్యొద్దు తల్లీ. ఇంకో యాభై ఏండ్లకు నాలాంటి తిక్కోడు ఎవడో దీన్ని తిరగేస్తాడు. వాడి నాలిక అరిగిపోకుండా ఒక గుర్తు కొట్టు." సరేనని ఆమె గుర్తు అచ్చు చేయించుకుంది. మొదటి కత్తిని తీసుకుని తనే నా అంగడికి వచ్చింది.

"పెదనాయనా, నీకే."

అన్న అలవాటు ప్రకారం తిరగేశాడు. నేనూ వంగి చూశాను. చీల పక్కనే, బియ్యపు గింజంత గుర్తు. దాని కొసన సన్నగా ఒక గోరు గీత కూడా ఉంది.

బొటనవేలు.

జయంతి నా వైపు చూడకుండా, నవ్వు ఆపుకుంటూ పైకప్పు చూస్తోంది. మా అన్న భూతద్దం కిందికి వేలాడిపోయింది. మీసాలు అటూ ఇటూ కదిలాయి. అలవాటైన ఆ ప్రశ్న నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఆయన్ను ఎరిగిన ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను. ఏ పనిముట్టునైనా తిరగేసే చెంగల్రాయుడన్న, ఆ కత్తిని గబుక్కున మామూలుగా తిప్పేసి, జేబులో పెట్టుకుని, "టీ తాగుదామాప్పా?" అన్నాడు.